పిట్ట పిలుపు తెలిసినవాళ్లు

శ్రీహరికోటలో వేట ఆగి యాభై ఏళ్లు దాటింది. అడవి మిగిలింది. ఆ అడవిని ఆనవాళ్లతో చదవగలిగిన యానాదుల విద్యకు మాత్రం ఇంకా సరైన చోటు దొరకలేదు.

విల్లంబులతో అడవి టర్కీ కోడిని కొట్టడాన్ని అమెరికా వేటగాళ్లు పెద్ద విద్యగా చెప్పుకుంటారు. తుపాకీ ఉన్నవాడికి నలభై గజాల దూరమున్నా ఫర్వాలేదు. విల్లు పట్టినవాడు మాత్రం పుంజును ఇరవై గజాల దగ్గరికి రప్పించుకోవాలి. ఎనిమిది, తొమ్మిది కిలోల బరువు తూగే ఆ పుంజు రాత్రంతా చెట్టు కొమ్మ మీద పడుకుంటుంది. తెల్లవారుతుండగా అక్కణ్నుంచే గొంతెత్తి కూస్తుంది. కింద పొదల్లో మాటు వేసినవాడు చిన్న చెక్కపెట్టె మీద మూతను రాపాడించి పెట్ట గొంతు పలికిస్తాడు. అదేపనిగా పిలిస్తే పుంజుకు అనుమానం వస్తుంది. అసలు పిలవకపోతే అది తన దారిన పోతుంది. వాసన పెద్దగా పట్టలేని పిట్టే గానీ, దాని కళ్లు మహా చురుకు. తల కాస్త తిప్పిందంటే చుట్టుపక్కల కదిలేదంతా కనబడిపోతుంది. నారి లాగాలంటే చెయ్యి కదలక తప్పదు. అందుకే విలుకాడు గుడ్డ డేరాలో దాక్కుంటాడు. లేకపోతే పుంజు చెట్టు మొదలు వెనక్కి వెళ్లేదాకా ఊపిరి బిగబట్టి చూస్తాడు. తోక విప్పిన పుంజు అటు తిరిగితే ఆ తోకే దాని తలకు అడ్డం వస్తుంది. నారి లాగడానికి దొరికేది ఆ రెండు మూడు క్షణాలే.

ఇందులో బాణం వంతు చివర్లో వస్తుంది. అంతకు ముందు జరిగేదంతా పిట్టను ఎరగడమే. ఎక్కడ పడుకుంటుంది, ఏ పొద్దులో దిగుతుంది, దేనికి దగ్గరికొస్తుంది, దేనికి బెదురుతుంది అన్నది తెలియాలి.

మన పల్లెల్లో ఈ ఎరుక కొత్తది కాదు. మెట్టపొలాల గట్ల వెంట తిరిగే కౌజును పట్టడానికి వేటగాళ్లు దీమాన్ని, అంటే ఎర పిట్టను, పెంచేవారు. గుడ్డ కప్పిన చిన్న పంజరంలో మచ్చిక చేసిన మగ కౌజును తీసుకెళ్లి, పొదల మధ్య దించి, గుడ్డ తీసేవారు. అది కూత అందుకోగానే ఆ జాగా తనదనుకునే అడవి కౌజు ఎక్కడో బదులు పలికేది. కూతకు కూత, అడుగుకు అడుగు. పంజరం మీదికి దూకబోయేసరికి చుట్టూ పన్నిన ఉచ్చులో కాలు పడేది. అమెరికావాడు చెక్కపెట్టెతో చేసేదాన్ని ఇక్కడ బతికున్న పిట్టతోనే చేసేవారు. ఇప్పుడిది నేరం, నేరంగానే ఉండాలి. దీమాన్ని ఎక్కడ దించాలో తెలిసిన చూపు సంగతే ఈ కథనం.

ఒకవైపు పులికాట్ సరస్సు, మరోవైపు బంగాళాఖాతం, నడుమ ఇసుక నేల మీద పెరిగిన చిట్టడవి. అదే శ్రీహరికోట, అలాంటి చూపున్న యానాదుల చోటు. దీవి 1835లో కంపెనీ ప్రభుత్వం చేతికి వచ్చేనాటికే యానాదులు ఇక్కడ అడవి మనుషులు. తేనె, మైనం, కుంకుళ్లు, ముష్టి గింజలు, సుగంధిపాల వేళ్లు, బట్టలకు ఎరుపు రంగు పట్టించే చిరువేరు, ఇవన్నీ ఏరి తెచ్చి సర్కారుకు అప్పజెప్పేవారు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చయిన తన కులాలు, తెగల సంపుటాల్లో యానాదులకు చాలా పేజీలు ఇచ్చాడు. శ్రీహరికోట ప్రస్తావన అక్కడ మళ్లీ మళ్లీ వస్తుంది. ఏ వేరు ఏ నెలలో తవ్వాలో, ఏ తేనెపట్టు ఎప్పుడు దింపాలో ఎరిగినవాళ్లు కాబట్టే సర్కారుకు వీళ్లు కావాల్సి వచ్చారు. అదే సర్కారు తరవాతి కాలంలో యానాదులను నేరస్థ తెగల చట్టం కిందికి తెచ్చి నేరగాళ్లన్న ముద్ర వేసింది. ఆ చట్టం మీద ఏళ్ల తరబడి పోరాడిన వెన్నెలకంటి రాఘవయ్య నెల్లూరు సీమలో యానాదుల మధ్య పనిచేశారు. 1962లో వాళ్ల మీద ఇంగ్లిషులో పుస్తకమే రాశారు. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. పుట్టుకతోనే నేరగాడని పోలీసు పుస్తకంలోకి ఎక్కిన మనిషి పిట్టల సంగతి ఎంత బాగా చెప్పగలిగినా, పిలిచి అడిగేది ఎవరు?

విల్లు అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది చెంచులు. యానాదుల చేతుల్లో వల, ఉచ్చు, బుట్ట ఎక్కువ. కానీ రెండు తెగల మధ్యా పాత బంధుత్వపు జాడలున్నాయి. యానాదులు కొలిచే దేవుళ్లలో చెంచు దేవుడు ఒకడు. నెల్లూరు జిల్లా పెంచలకోనలో నరసింహస్వామి గుడి పక్కన చెంచులక్ష్మి కొలువుంది. అహోబిలంలో కనుమ నాడు పారువేట, అంటే దేవుడి వేట ఉత్సవం, మొదలవుతుంది. స్వామి పల్లకి నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతుంది. ఆ పల్లకి మీదికి ముందుగా బాణం వేసే హక్కు చెంచులది. చెంచులక్ష్మిని నరసింహస్వామికిచ్చి దేవుడినే అల్లుడిగా చేసుకున్నామని చెప్పుకునే వాళ్లు, అల్లుడి పల్లకి మీదికి విల్లు ఎక్కుపెట్టి పంపుతారు. వేటగాణ్ని పాపాత్ముడిగా ఎంచకుండా దేవుడికి చుట్టంగా చూసిన సంప్రదాయం మనది. తిరుమలలోనూ పారువేట ఉత్సవం ఉంది. మలయప్పస్వామి పారువేట మండపానికి వేంచేస్తాడు. అక్కడ జంతువేదీ చావదు.

రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎంచుకున్నది 1969లో. తూర్పున సముద్రం, చుట్టూ జనం తక్కువ, భూమధ్యరేఖకు దగ్గర. రాకెట్‌కు కావాల్సినవన్నీ ఉన్నాయి. 1971 అక్టోబరు 9న ఇక్కణ్నుంచి తొలి రాకెట్ ఎగిరింది. రోహిణి-125 అనే చిన్న సౌండింగ్ రాకెట్ అది. సరిగ్గా పదకొండు నెలలకు, 1972 సెప్టెంబరు 9న, వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. రాకెట్ కోసం దీవిలోని పల్లెలు ఖాళీ అయ్యాయి. చట్టంతో అడవిలో వేట నేరమైంది. యానాదుల్లో చాలామంది సూళ్లూరుపేట వైపు పల్లెలకు వెళ్లారు, కొందరు షార్ అని పిలిచే ఆ రాకెట్ కేంద్రం పరిధిలోనే ఉండిపోయారు. ఒక తరం కళ్ల ముందే ఇల్లూ పోయింది, పనీ పోయింది.

దీనివల్ల అడవికి జరిగిన మేలు కాదనలేం. దాదాపు 175 చదరపు కిలోమీటర్ల షార్ భూమిలో, కంచె లోపల, కోస్తా పొడవునా ఒకప్పుడుండి ఇప్పుడు చాలాచోట్ల మాయమైన మెట్ట సతతహరిత అడవి నిలబడింది. దేవాంగపిల్లి లాంటి అరుదైన జీవానికి అక్కడ నీడ దొరికింది. బయట ఇదే తీరంలో రొయ్యల చెరువులు, సరుగుడు తోటలు ఎంత మేర ఆక్రమించాయో చూసినవాళ్లెవరూ ఆ కంచెను తప్పుపట్టలేరు. నేనూ తప్పుపట్టను. వేట మళ్లీ రావాలని కోరుకునేవాణ్ని కూడా కాదు. నా బాధల్లా ఒకటే: అడవిని కాపాడేటప్పుడు అడవి తెలిసినవాణ్ని బయట నిలబెట్టాం.

చట్టం యానాదులకు వదిలిన వేట ఒకటి మిగిలింది. కాకులు, పండ్లు తినే గబ్బిలాలతో పాటు ఎలుకల్ని కూడా 1972 చట్టం మొదట్లో హానికర జీవుల పట్టికలో పెట్టింది. కాబట్టి వరికోతలయ్యాక పొలంలో ఎలుక పట్టే పని ఆగలేదు. ఆ పని దగ్గరుండి చూస్తే ఈ మనుషులు నేలను ఎలా చదువుతారో అర్థమవుతుంది. గట్టు మీద నాలుగైదు కన్నాలుంటాయి. వాటిలో తాజా మట్టి ఏది, పాతది ఏది, ఎలుక ఉన్నదేది, పాము చేరిందేది అని ముందు తేల్చుకుంటారు. మిగతా కన్నాలను తడిమట్టితో మూసేస్తారు. అడుగున చిల్లు పెట్టిన మట్టికుండలో గడ్డి కూరి, నిప్పంటించి, కుండ మూతిని కలుగుకు బిగించి, చిల్లులోంచి ఊదుతారు. పొగ లోపలికి పాకుతుంది. ఊదేవాడి కళ్లూ రొమ్మూ మండుతాయి. కాసేపాగి తవ్వితే ఎలుకలు దొరుకుతాయి. లోపలి గదిలో ఎలుకలు దాచుకున్న వరి కంకులు కూడా దొరుకుతాయి. ఆ గింజలు పట్టినవాడివే. రైతుకు చేలో దొంగ పోయాడు, వీళ్లకు ఆ పూట వండుకునే గింజలు వచ్చాయి. మందు పెట్టి చంపితే గద్దలూ గుడ్లగూబలూ కూడా చస్తాయి. కుండపొగతో ఆ ప్రమాదం లేదు.

మళ్లీ టర్కీ దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఆ కథలో మనకు పనికొచ్చేది ఉంది. అడవులు నరికి, విచ్చలవిడిగా కాల్చి, 20వ శతాబ్దం తొలినాళ్లకు అమెరికన్లు చాలా రాష్ట్రాల్లో అడవి టర్కీ లేకుండా చేసుకున్నారు. 1937లో ఒక చట్టం తెచ్చి తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్నును అడవి జంతువుల కోసం కేటాయించారు. 1972లో, మనం వేట నిషేధించిన ఏడాదే, విల్లంబులనూ ఆ పన్ను కిందికి చేర్చారు. వేటగాడు కొనే ప్రతి బాణంలోనూ పిట్టకు కొంత వాటా ఉంటుంది. ముందుగా వాళ్లు ఫారాల్లో పెంచిన టర్కీలను అడవిలో వదిలి చూశారు. అవి బతకలేదు. చెట్టెక్కి పడుకోవడం, నక్క నుంచి తప్పించుకోవడం వాటికి నేర్పే తల్లి లేదు. ఆ తరవాత దాణా చల్లి, మేతకు వచ్చిన అడవి టర్కీల మీదికి ఫిరంగి వలలు, రాకెట్ వలలు విసిరి, ప్రాణాలతో పట్టి కొత్త అడవులకు తరలించారు. ఇప్పుడు వాటి సంఖ్య 60 లక్షల దాకా ఉంటుందని అంచనా. ఆ దాణా ఎక్కడ చల్లాలో, పిట్ట ఏ పొద్దున వస్తుందో తెలియాలంటే వేటగాడికి తెలిసిన సంగతులే కావాలి. అమెరికన్లు వేటను అనుమతించి పిట్టను కాపాడుకున్నారు. మన దారి వేరు, మన జనసాంద్రతకు నిషేధమే సరైనది. కానీ వేటగాడి తెలివిని లెక్కలోకి తీసుకోవడం రెండు దారుల్లోనూ కుదిరే పని.

అది కుదురుతుందని అంత దూరం వెళ్లకుండానే చూడొచ్చు. చెన్నై పక్కన ఇరుళులు పాముల్ని పట్టి తోళ్ల వ్యాపారులకు అమ్మేవారు. 1972 చట్టం తరవాత ఆ వ్యాపారం మూతబడి వీధినపడ్డారు. 1978లో రోములస్ విటేకర్ తోడ్పాటుతో ఇరుళుల పాములు పట్టేవారి సహకార సంఘం ఏర్పడింది. పామును పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. పాముకాటుకు మందు తయారీలో ఆ విషమే ఆధారం. 2023లో ఇద్దరు ఇరుళులు, వడివేల్ గోపాల్, మాసి సడయన్, పద్మశ్రీ అందుకున్నారు. మన నల్లమలలోనూ నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో అటవీశాఖ బేస్ క్యాంపుల్లో చెంచులు కాపలా కాస్తున్నారు. పులి అడుగును, రాత్రి దాటిన మనిషి అడుగును ఒక్క చూపుతో వేరుచేసేవాళ్లు వాళ్లు.

శ్రీహరికోట చుట్టూ ఇంకా పెద్ద అవసరమే ఉంది. పులికాట్‌కు శీతాకాలంలో ఫ్లెమింగోలు వేలల్లో దిగుతాయి. వాటి కోసం సూళ్లూరుపేటలో పండగే జరుపుతారు. నేలపట్టు చెరువులో నీటికడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. పిట్టల రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్లు పొలానికి బలమని నమ్మి ఊరివాళ్లు వాటిని తరాలుగా కాపాడుకుంటున్నారు. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల లెక్క జరుగుతుంది. సంచిలో దుర్భిణీ, చేతిలో పుస్తకం ఉన్నవాళ్లు ఎక్కడెక్కణ్నుంచో వస్తారు. వాళ్ల శ్రమ మీద నాకు గౌరవం ఉంది. అదే గట్టు మీద పుట్టి, కూత విని పిట్టనూ, బురదలో కాలిముద్ర చూసి కొంగనూ చెప్పగల యానాది కుటుంబాల పేర్లు ఆ పట్టీలో ఎక్కాలి. దారి చూపే కూలీలుగా కాదు, లెక్కలో సంతకం పెట్టే మనుషులుగా ఎక్కాలి. గూళ్ల కాలంలో చెరువు కాపలా, షార్ అడవిలో కార్చిచ్చు దారుల నిఘా, ఉచ్చులు వెతికి తీసేసే పని ఇవ్వాలి. ఉచ్చు పన్నడం తెలిసినవాడికంటే త్వరగా దాన్ని కనిపెట్టేవాడు ఉండడు.

నేలపట్టులో గూళ్లు అక్టోబరులో మొదలవుతాయి. అటవీశాఖ, షార్, జిల్లా యంత్రాంగం కలిసి ఈ ఏడు పది కుటుంబాలతోనైనా మొదలుపెట్టవచ్చు. ఏడాదికోసారి వచ్చే పండగ రోజుల దినకూలీతో సరిపెట్టకుండా, పన్నెండు నెలలకూ జీతం రాసి పెట్టాలి.