సీగానపెసూనాంబ చెప్పిన వ్యాకరణము

ప్రకృతి–వికృతులు వ్రాయుడని పరీక్షలో ప్రశ్న యిచ్చుచున్నాము. శ్రీకి సిరి, రాత్రికి రాతిరి, ప్రయాణమునకు పయనము అని వ్రాసిన విద్యార్థికి మార్కులు వేయుచున్నాము. వాని తమ్ముడు ఒకటవ తరగతిలో లేచి, ప్రసాదమును ‘పెసాదం’ అన్నచో మాత్రము కోపించుచున్నాము. వెనుకటి తరములవారి నోట నలిగిన మాటకు వ్యాకరణమున పీట వేసితిమి. నేటి పసివాని నోట నలిగిన మాటకు తప్పను ముద్ర వేయుచున్నాము. ఈ వింతను తలచినపుడెల్ల నాకు ‘బుడుగు’ జ్ఞప్తికి వచ్చును.

‘బుడుగు’ను వ్రాసిన ముళ్లపూడి వెంకటరమణగారు 1931లో ధవళేశ్వరమున జన్మించిరి, బొమ్మలు వేసిన బాపుగారు 1933లో నరసాపురమున జన్మించిరి. మొదటి ఊరు గోదావరి డెల్టాకు తలవాకిలి. రెండవది వశిష్ఠ సాగరమును చేరబోవు చోటు. ఈ యిద్దరికిని స్నేహము మదరాసులో, బడి చదువుల కాలమున కుదిరినది. రేడియో అన్నయ్య, అక్కయ్యలు నడిపిన ‘బాల’ పత్రికలో 1945లో రమణగారి తొలి కథ వెలువడినది. 1950వ దశకమున ఆంధ్ర పత్రిక వారపత్రికలో బుడుగు అవతరించినాడు.

బుడుగు నేస్తము పేరు సీగానపెసూనాంబ. విన్నంతనే నవ్వు వచ్చును. నవ్వి ఊరకుండక ఆ పేరును నల్లబల్లపై వ్రాసి చూడుడు. అది శ్రీజ్ఞానప్రసూనాంబ, సాక్షాత్తు శ్రీకాళహస్తిలో వెలసిన అమ్మవారి పేరు. శ్రీలోని రేఫ జారి ‘సీ’ మిగిలినది. జ్ఞా కరగి ‘గా’ అయినది. ప్రలోను రేఫ నిలువలేదు, ‘పె’ వచ్చినది. ‘సూనాంబ’ మాత్రము చెక్కు చెదరలేదు. పసినాలుకకు కొరుకుడుపడని జంట హల్లులు అందు లేవు గదా! కనుక ఈ విరుపు ఇష్టము వచ్చినట్లు జరిగినది కాదు. దీనికొక క్రమము కలదు. భక్తిని బత్తిగను, యజ్ఞమును జన్నముగను, ఆజ్ఞను ఆనగను మార్చుకొన్న తెలుగు నాలుక చేసినదియు ఇట్టి పనియే.

బాపుగారి బొమ్మ లేనిచో ఈ హాస్యము సగమే. ఆయన గీతలు కొద్ది. ఆ కొద్ది గీతలలోనే పిల్లవాని ధీమా యంతయు నిలిచినది. తన కథను తానే చెప్పుకొను బుడుగు తాను నవ్వించుచున్నా ననుకొనడు. చెప్పునదంతయు వానికి పరమసత్యము. అందుచేత నవ్వు వానిపై పడక, పెద్దరికము వెలగబెట్టు మనపైకి మరలును.

ఇంగ్లీషు పిల్లలకై డాక్టర్ స్యూస్ 1957లో వెలువరించిన టోపీ పిల్లి కథలో ఉన్న వేర్వేరు మాటలు 236 మాత్రమే. చదువు నేర్చు పుస్తకము చప్పగా ఉండనక్కరలేదని దానితో ఆయన నిరూపించెను. కాని ఆ ప్రాసల చమత్కారము తెలుగులోనికి రాదు. సీగానపెసూనాంబ ఇంగ్లీషులోనికి పోదు. మాటలాట ఏ భాషకు ఆ భాషయే పండించుకొనవలసిన పంట.

నేను కోనసీమలో ఉపాధ్యాయుడనైన తొలి యేట, పైన చెప్పిన ‘పెసాదం’ పలికిన బాలుడు నా తరగతిలోనివాడే. తరగతి గొల్లుమన్నది; నేనును నవ్వితిని. ఆ యేడు ముగియువరకు వాడు పాఠము పైకి చదువలేదు. ఉచ్చారణ దిద్దవలదని నేననను. కాని దిద్దుటకు ముందు వాని నోరు తెరచి యుండవలెను గదా!

ఇప్పుడు ఒకటవ తరగతికి బొమ్మల పుస్తకము పట్టుకొని పోవుచున్నాను. పిల్లలు విరిచిన మాటను, అసలు మాటను ప్రక్కప్రక్కన వ్రాసి, రెంటిని వారిచేతనే చదివింతును. అందరము కలిసి నవ్వుదుము. రమణగారు 2011లోను, బాపుగారు 2014లోను గతించిరి. ప్రకృతి–వికృతుల పాఠము వచ్చినపుడు నా విద్యార్థులు దానిని క్రొత్తగా నేర్చుకొనుట లేదు. ‘ఇది సీగానపెసూనాంబ లెక్కే గదండీ, మాష్టారూ’ అనుచున్నారు.