చేపల తొట్టిలోని కానరాని కాపరులు

అద్దపు తొట్టిలో బంగారు చేపలను పెంచుకొను ముచ్చట నేడు పెక్కు గృహములందు కానవచ్చుచున్నది. అట్టివారిలో పలువురకు అనుభవమునకు వచ్చు వింత యొకటి కలదు. తొట్టి కొంత మురికిగా నున్నన్నాళ్లు చేపలు హాయిగా ఈదులాడుచుండును. తొట్టిని చక్కగా కడిగిన రెండు మూడు దినములకు అవియే నీటిపైకి వచ్చి, నోళ్లు తెరచి, ఒకటొకటిగా చనిపోవును.

మేమును ఈ పొరపాటు చేసినవారమే. ఒక ఆదివారమునాడు ఫిల్టరులోని స్పాంజిని కుళాయి క్రింద పిండి పిండి కడిగితిమి. పింగాణి ఉంగరములను పారవేసి క్రొత్తవి నింపితిమి. నీరు తేటగా మెరసినది. బుధవారమునాటికి ఆరు చేపలలో నాలుగు పోయినవి. “శుభ్రము చేసినందుకా చచ్చిపోయినవి?” అని ఇంటి పిల్లలు అడిగిరి. ఆ ప్రశ్నకు సమాధానమే నేటి మా ప్రసంగము.

చేప మొప్పలనుండి ఎల్లప్పుడును అమ్మోనియా వెలువడుచుండును. తినక మిగిలిన మేతయు, మలమును క్రుళ్లి మరికొంత అమ్మోనియాను చేర్చును. చెరువులో నిది విస్తారమైన నీటిలో కలిసి పలుచబడును. నాలుగు బిందెల నీరు పట్టు తొట్టిలో పలుచబడుటకు తావెక్కడిది? అయినను చేపలు బ్రతుకుచున్నవనిన, అది కంటికి కానరాని సూక్ష్మజీవుల చలువయే. వానిలో నొక తెగ అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. వేరొక తెగ ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. అమ్మోనియా మొప్పలను పాడుచేయును. నైట్రైటు రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తి లేకుండ చేయును. నైట్రేటు మాత్రము మితముగా నున్నంతవరకు అంత హాని చేయదు. అప్పుడప్పుడు కొంత నీరు మార్చిన తగ్గిపోవును. ఇట్టి సూక్ష్మజీవులను రష్యా దేశీయుడైన సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున వేరుచేసి చూపెను. ఈ రెండు పనులను ఒంటరిగా నిర్వహింపగల జీవియు కలదని 2015లో వెల్లడియైనది.

ఈ జీవులు నీటిలో తేలుచు తిరుగునవి మిక్కిలి కొద్ది. స్పాంజి రంధ్రములను, పింగాణి ఉంగరములను, అడుగునగల గులకరాళ్లను అంటిపెట్టుకొని పలుచని జిగురు పొరగా నివసించును. మనము మురికి యని కడిగివేయు గోధుమవన్నె పొరలో వీని కాపురము కూడ నున్నది. పైగా వీని వృద్ధి మిక్కిలి మందము. కొన్ని సూక్ష్మజీవులు ఇరువది నిమిషములలో రెట్టింపగును. వీనికి ఇంచుమించు ఒక దినమో, అంతకు మించియో పట్టును. ఒకసారి పోయినచో మరల నిలద్రొక్కుకొనుటకు వారములు గడువవలెను.

కావున పెరుగు తోడుపెట్టు ఇల్లాలి పద్ధతినే ఇచ్చటను అనుసరింపవలెను. పాత పెరుగంతయు పారబోసి ఎవరును క్రొత్త పాలు తోడుపెట్టరు గదా! స్పాంజి శిథిలమైనచో దానిని తీసివేయక, క్రొత్తదానిని అదే ఫిల్టరులో దాని ప్రక్కన నుంచవలెను. నాలుగు మొదలు ఆరు వారములలో సూక్ష్మజీవులు క్రొత్తదానిపై నెలకొనును. పిమ్మట పాతదానిని తీసివేయవచ్చును. రెండింటికి చోటు చాలనిచో, మూడవవంతు మాత్రము మార్చి, కొన్ని వారములు ఆగి, తక్కినది మార్చవలెను. పింగాణి ఉంగరములు చిట్లి పొడియగునంతవరకు మార్చ నక్కరలేదు. బొగ్గు మాత్రము కొంతకాలమునకు పీల్చుకొను శక్తిని కోల్పోవును. దానిని మార్చునపుడు స్పాంజిని కదల్పరాదు.

నీటి ధార మందగించినచో స్పాంజిని కడుగవలసినదే. తొట్టినుండి తోడిన నీటిని బకెట్టులో పోసి, అందులో రెండు మూడుసార్లు మెల్లగా పిండిన చాలును. కుళాయి నీటిలోని క్లోరిన్ క్రిములను చంపుటకే కలుపబడినది. మంచి జీవి, చెడ్డ జీవి అను విచక్షణ దానికి లేదు. సబ్బు, వేడినీరు, ఎండలో ఆరవేయుట – ఈ మూడును కూడవు. ఫిల్టరును, గులకరాళ్లను ఒకేనాడు కడుగరాదు. విద్యుత్తు గంటల తరబడి పోయినచో, మూసియున్న ఫిల్టరునుండి స్పాంజిని తీసి తొట్టి నీటిలో నుంచుట మేలు; ఆ జీవులకును ప్రాణవాయువు కావలెను.

మార్చిన తరువాత వారము దినములు మేత తగ్గింపవలెను. అమ్మోనియాను, నైట్రైటును పరీక్షించు సాధనములు అంగళ్లలో దొరకును. వీనిలో నేది కనబడినను, క్లోరిన్ తొలగించిన నీటితో ప్రతిదినము నాలుగవవంతు మార్చుచుండవలెను.

మిగిలిన రెండు చేపల తొట్టిలో మరుసటి యేడు స్పాంజిని మార్చవలసివచ్చినది. పాతదానిని అయిదు వారములు క్రొత్తదాని ప్రక్కనే యుంచితిమి. పిల్లలు ప్రతి ఉదయము తొట్టియొద్దకు పోయి చూచుచుండిరి. ఒక్క చేపయు గాలికై నీటిపైకి రాలేదు.