ఆటగాళ్ల మార్పిడి ప్రతిపాదన: శిఖర్ ధావన్ ఉదాహరణ

పరిచయం

వృత్తిపరమైన లీగులలో జట్ల కూర్పు వేలంతోనే ముగిసిపోదు. ఒక జట్టు తన ఆటగాడిని మరొక జట్టుకు ఇచ్చి, బదులుగా వేరే ఆటగాడినో, కొందరు ఆటగాళ్లనో, డబ్బునో తీసుకోవచ్చు. దీనినే ఆటగాళ్ల మార్పిడి అంటారు. వ్యవహారంలో ‘ట్రేడ్’ అనే మాట స్థిరపడింది. అమెరికాలోని ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ లీగులో ఇది ఏటా పెద్ద ఎత్తున జరుగుతుంది. మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే ఐపీఎల్ క్రికెట్‌ను, అందులోనూ హైదరాబాద్ జట్టును చూడాలి.

ముందుగా ఒక ఊహాత్మక సందర్భం తీసుకుందాం. సుల్తానాబాద్‌లో ఒక రైస్ మిల్లు యజమాని తన దగ్గర అదనంగా ఉన్న లారీని పక్క మిల్లుకు ఇచ్చి, అక్కడ వాడకుండా పడి ఉన్న డ్రయ్యర్‌ను తెచ్చుకున్నాడనుకోండి. రెండింటి వెల సమానం కాకపోవచ్చు. అయినా ఒకరికి తడిసిన వడ్లు ఆరబెట్టే సాధనం కావాలి, మరొకరికి బియ్యం గోదాముకు చేర్చే బండి కావాలి. కాబట్టి బేరం కుదురుతుంది. వెల ఒకటి, అవసరం ఒకటి అనే తేడా ఇక్కడే తెలుస్తుంది. అయితే ఈ పోలిక కొంత దూరమే వస్తుంది. లారీ ఇష్టాన్ని ఎవరూ అడగరు. దానిని నడిపే డ్రైవర్‌ను మాత్రం రేపటి నుంచి ఆ మిల్లులో పని చెయ్యమనాలంటే అడిగి తీరాలి. జీతమెంత, ఇంటికి ఎంత దూరం, అక్కడి యజమాని ఎలాంటివాడు అని అతడు ఆలోచిస్తాడు. మార్పిడి ప్రతిపాదనలో ఆటగాడి స్థానం లారీది కాదు, డ్రైవర్‌ది.

2018 నవంబరు మార్పిడి

శిఖర్ ధావన్ 2013 నుంచి సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడాడు. 2016లో ఆ జట్టు ఐపీఎల్ గెలిచినప్పుడు జట్టులో ఉన్నాడు. 2018 వేలానికి ముందు సన్‌రైజర్స్ డేవిడ్ వార్నర్‌ను, భువనేశ్వర్ కుమార్‌ను మాత్రమే నేరుగా అట్టిపెట్టుకుంది. ధావన్ వేలానికి వెళ్లాడు. పంజాబ్ జట్టు అతనికి 5.2 కోట్ల రూపాయల దాకా పాడింది. అప్పుడు సన్‌రైజర్స్ ‘రైట్ టు మ్యాచ్’ కార్డు వాడి, అదే ధరకు అతన్ని వెనక్కి తీసుకుంది. ఇతర జట్టు పాడిన చివరి ధరను చెల్లించి తన పాత ఆటగాడిని నిలుపుకునే హక్కు ఇది. జట్టుకు ఇది చౌక బేరం. ఆటగాడి వైపు నుంచి చూస్తే అదే వేలంలో మనీశ్ పాండేకు సన్‌రైజర్స్ 11 కోట్లు పెట్టింది. ఏళ్ల తరబడి ఓపెనర్‌గా ఆడిన మనిషికి అందులో సగం కూడా రాలేదు.

ఆ సీజన్‌లో ధావన్ 497 పరుగులు చేశాడు, జట్టు ఫైనల్ చేరింది. కానీ ధర విషయంలో అతని అసంతృప్తి తగ్గలేదు. వేలంలో కుదిరిన మొత్తాన్ని తర్వాత పెంచడానికి నిబంధనలు ఒప్పుకోలేదు. చివరికి 2018 నవంబరులో సన్‌రైజర్స్ అతన్ని ఢిల్లీ డేర్‌డెవిల్స్‌కు ఇచ్చింది. బదులుగా విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, అభిషేక్ శర్మ హైదరాబాద్ వచ్చారు. విశేషమేమిటంటే, ధావన్ మార్పిడి కావడం అది మొదటిసారి కాదు. 2009లో ఢిల్లీయే అతన్ని ముంబైకి ఇచ్చి ఆశిశ్ నెహ్రాను తీసుకుంది.

లెక్క ఎలా కుదిరింది?

విజయ్ శంకర్ వేతనం 3.2 కోట్లు, నదీమ్‌ది 3.2 కోట్లు, అభిషేక్‌ది 55 లక్షలు. మొత్తం 6.95 కోట్లు. వెళ్లిన ధావన్ వేతనం 5.2 కోట్లు. అంటే సన్‌రైజర్స్ వేతన భారం 1.75 కోట్లు పెరిగింది. ఐపీఎల్‌లో ప్రతి జట్టుకు ఆటగాళ్లపై పెట్టే ఖర్చుకు పరిమితి ఉంటుంది. 2018లో అది 80 కోట్లు. కాబట్టి మార్పిడిలో పెరిగిన ప్రతి రూపాయీ రాబోయే వేలంలో ఖర్చు పెట్టగల డబ్బును తగ్గిస్తుంది. ప్రతిపాదన రాసేవారు మొదట చూడవలసిన లెక్క ఇదే.

ఎన్‌బీఏలో ఈ లెక్క ఇంకా బిగువుగా ఉంటుంది. అక్కడ వేతన పరిమితి దాటిన జట్టు తాను పంపే వేతనాలకు దగ్గరగా ఉన్న వేతనాలనే తీసుకోవాలి. అందుకే ఒక పెద్ద ఆటగాడి కోసం ఇద్దరు ముగ్గురిని కట్టకట్టి పంపుతారు, లెక్క కుదరకపోతే మూడో జట్టును కూడా కలుపుకుంటారు. లెక్క సరిపోవడం కోసమే ఊరు మారిన ఆటగాళ్లు అక్కడ కొల్లలు.

కానీ లెక్క కుదిరినంత మాత్రాన ప్రతిపాదన మంచిదని అనలేం. అవతలి జట్టు దీనిని ఎందుకు ఒప్పుకోవాలి అనే ప్రశ్నకు సమాధానం ఉండాలి. ఈ విషయాలపై కొత్తగా రాసేవారు తమ జట్టుకు అక్కరలేని నలుగురిని ఇచ్చి ఎదుటి జట్టు కెప్టెన్‌ను అడుగుతారు. అది ప్రతిపాదన కాదు, కోరిక. ధావన్ విషయంలో రెండు వైపులా కారణాలు ఉన్నాయి. ఢిల్లీలో పృథ్వీ షా, శ్రేయస్ అయ్యర్, రిషభ్ పంత్ వంటి కుర్రవాళ్లున్నారు. వారితో పాటు అనుభవమున్న ఓపెనర్, అందులోనూ సొంత ఊరి ఆటగాడు వారికి కావాలి. హైదరాబాద్‌కు నిలవని మనసుతో ఉన్న ఒక్కరి బదులు ఆల్‌రౌండర్, స్పిన్నర్, యువ బ్యాటర్ దొరికారు.

సమ్మతి

ఐపీఎల్ మార్పిడికి రెండు ఫ్రాంచైజీల ఒప్పందంతో పాటు ఆటగాడి సమ్మతి కూడా అవసరం. అయితే ఆటగాడు తానే బేరానికి దిగకూడదు. రాజస్థాన్ రాయల్స్ ఆటగాడిగా ఉన్న రవీంద్ర జడేజా వేరే జట్టుతో సొంతంగా మాట్లాడుకున్నందుకు 2010 సీజన్ మొత్తం నిషేధానికి గురయ్యాడు. అదే జడేజా 2025లో సంజూ శాంసన్‌కు బదులుగా చెన్నై నుంచి రాజస్థాన్‌కే మార్పిడి అయ్యాడు. ఈసారి నిబంధన ప్రకారమే.

అమెరికాలో పద్ధతి వేరు. ఒప్పందంలో ప్రత్యేక షరతు ఉన్న కొద్దిమందిని మినహాయిస్తే ఆటగాడి అనుమతి అడగనక్కరలేదు. 2025 ఫిబ్రవరిలో డల్లాస్ జట్టు లూకా డాన్చిచ్‌ను లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు ఇచ్చి ఆంథొనీ డేవిస్, మాక్స్ క్రిస్టీలతో పాటు 2029 డ్రాఫ్ట్‌లో ఒక మొదటి రౌండు ఎంపిక హక్కును తీసుకుంది. అంతకుముందు ఏడాదే జట్టును ఫైనల్‌కు చేర్చిన డాన్చిచ్‌కు ఈ సంగతి ముందుగా తెలియదు. అభిమానుల ఆగ్రహం నెలల తరబడి చల్లారలేదు. మార్పిడి చేసిన జనరల్ మేనేజర్‌ను అదే ఏడాది నవంబరులో తొలగించారు.

ఇంకా వెనక్కి వెళితే బేస్‌బాల్ ఆటగాడు కర్ట్ ఫ్లడ్ కనిపిస్తాడు. సెయింట్ లూయిస్ జట్టు పన్నెండేళ్లు ఆడించుకుని 1969లో అతన్ని ఫిలడెల్ఫియాకు పంపింది. తాను కొనుక్కునే సరుకు కానంటూ అతడు కోర్టుకెళ్లాడు. 1972లో సుప్రీంకోర్టు 5-3 తేడాతో అతనికి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. కేసు ఓడినా, బేస్‌బాల్ ఆటగాళ్ల స్వేచ్ఛపై జరిగిన పోరాటంలో అతని పేరు మిగిలింది. సమ్మతి నిబంధన కేవలం లాంఛనం కాదని చెప్పడానికే ఈ రెండు ఉదాహరణలు.

ఎవరు లాభపడ్డారు?

మొదటి మూడేళ్లు చూస్తే సమాధానం సులభం. ధావన్ ఢిల్లీకి 2019లో 521, 2020లో 618, 2021లో 587 పరుగులు చేశాడు. ఐపీఎల్‌లో వరుసగా రెండు సెంచరీలు కొట్టిన మొదటి ఆటగాడు కూడా అతడే. 2020 రెండో క్వాలిఫయర్‌లో ఢిల్లీ జట్టు 17 పరుగులతో సన్‌రైజర్స్‌ను ఓడించి మొదటిసారి ఫైనల్ చేరింది. ఆ మ్యాచ్‌లో 78 పరుగులు చేసినది ధావనే. విజయ్ శంకర్, నదీమ్ హైదరాబాద్‌లో ఆ లోటు పూడ్చలేకపోయారు.

ఇక 55 లక్షల ఆటగాడు. మార్పిడి నాటికి అభిషేక్ వయసు 18. కట్టలో చివరి పేరు. 2024 సీజన్‌లో అతడు 200కు పైగా స్ట్రైక్ రేటుతో 484 పరుగులు చేశాడు, జట్టు ఫైనల్ చేరింది. ఆ తర్వాత 14 కోట్లకు జట్టు అతన్ని అట్టిపెట్టుకుంది. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్‌పై 246 పరుగుల లక్ష్యాన్ని ఛేదిస్తూ 55 బంతుల్లో 141 కొట్టాడు. ఐపీఎల్‌లో అప్పటికి ఒక భారతీయుడి అత్యధిక స్కోరు అది.

దీనిని బట్టి చివరికి హైదరాబాదే గెలిచిందని అనడం తొందరపాటు. 2022 వేలానికి ముందు సన్‌రైజర్స్ అభిషేక్‌ను వదిలేసింది, వేలంలో 6.5 కోట్లు పెట్టి మళ్లీ కొనుక్కుంది. అంటే మార్పిడి ద్వారా వచ్చిన హక్కు అక్కడితో తీరిపోయింది. తర్వాతి పరుగులకు వేరే ధర చెల్లించారు. మార్పిడి వల్ల నికరంగా దక్కినది ఆ కుర్రవాడిని మూడేళ్లు దగ్గరగా చూసే అవకాశం. ఏ జట్టూ దానికి ఖాతా పుస్తకంలో గడి గీయదు, అయినా వేలంలో అంత ధర పెట్టే ధైర్యం అక్కడి నుంచే వచ్చిందని భావించవచ్చు.

అభ్యాసం

2025 నవంబరులో సన్‌రైజర్స్ మహమ్మద్ షమీని అతని 10 కోట్ల వేతనానికే లక్నోకు ఇచ్చింది. బదులుగా ఏ ఆటగాడినీ తీసుకోలేదు. మీరు లక్నో జట్టు నిర్వాహకులైతే డబ్బుకు బదులు ఒక ఆటగాడిని ఇచ్చేలా ప్రతిపాదన ఎలా రాస్తారు? వేతన లెక్కను, రెండు జట్ల కారణాలను, షమీని అడగవలసిన ప్రశ్నలను కలిపి ఒక పేజీకి మించకుండా రాయండి.