పెంపుడు జంతువులకు సంతాన నిరోధ శస్త్రచికిత్స

కోడెలకు విత్తులు కొట్టించడం మన రైతులకు అనాదిగా తెలిసిన పనే. ఇంట్లో పెంచే కుక్కకు, పిల్లికి అటువంటి శస్త్రచికిత్స అనగానే మాత్రం చాలామంది వెనుదీస్తారు. ఒక్క ఈత అయినా కానిదే చేయించరాదన్న నమ్మకం కూడా ఉన్నది. దానికి శాస్త్రాధారం లేదు.

ఆడకుక్క సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది. చూడి కాలం సుమారు 63 రోజులు. పిల్లి అయితే నాలుగైదు నెలల వయస్సులోనే చూడి కట్టగలదు. పుట్టిన పిల్లలను ఎవరికివ్వాలన్న చిక్కు ఒక్కటే కాదు. ఎద ముగిసిన కొద్ది వారాలకు, హార్మోనుల ప్రభావం వల్ల, ముఖ్యంగా వయస్సు మళ్ళిన కుక్కలలో గర్భకోశం చీముతో నిండవచ్చు. అతిగా నీరు త్రాగడం, తిండి మానడం దీని లక్షణాలు. ఒక్కొక్కప్పుడు చీము బయటికి కనబడదు. ఆ రకమే మరింత ప్రమాదకరం. మత్తుమందిచ్చి అండకోశాలను, గర్భకోశాన్ని ముందే తొలగిస్తే ఈ వ్యాధికి దాదాపు తావుండదు.

మగవాటికి వృషణాలను తీసివేస్తారు. అంతకుముందే తయారైన శుక్రకణాలు నాళాలలో మిగిలి ఉండవచ్చు గనుక, కొన్ని వారాలపాటు ఆడవాటికి దూరంగా ఉంచాలి. ఎదకు వచ్చినదాని కోసం ఇల్లు విడిచి తిరగడం తగ్గుతుంది. భయం వల్ల కరిచే కుక్క మాత్రం దీనితో సాధువు కాదు.

పెద్దజాతి కుక్కలకు ఎముకల ఎదుగుదల పూర్తికాకముందే చేయిస్తే కీళ్ళ వ్యాధులు రావచ్చునని పరిశోధనలు సూచిస్తున్నవి. తగిన వయస్సును పశువైద్యుడే నిర్ణయించాలి. శస్త్రచికిత్స తరువాత శరీరానికి ఆహారపు అవసరం తగ్గుతుంది, ఆకలి తగ్గదు. పెట్టే తిండి తగ్గించకపోతే జంతువుకు కొవ్వు పడుతుంది.