వంగినను కూలని ఇల్లు

ఇంగ్లండు దేశమున చెషైర్ మండలములో, అగడ్త నడుమ, లిటిల్ మోర్టన్ హాల్ అను భవన మొకటి కలదు. దానిని తొలిసారి చూచువారికి ముందుగా కలుగునది భయము. గోడలు ఒరిగి, కిటికీలు వంకరపోయి, పైకప్పు అలవలె లేచి పడుచు, ఇల్లంతయు ఆ క్షణమునే కూలునా యనిపించును. అయినను అది అయిదువందల యేండ్లుగా నిలిచియున్నది.

మోర్టన్ వంశీయులు 1504 ప్రాంతమున దీని నారంభించిరి. 1610 వరకు తరతరములవారు ఒక్కొక్క భాగమును చేర్చుచు వచ్చిరి. దీని బలము గోడలలో లేదు, ఓక్ దుంగల చట్రములో నున్నది. దుంగ కొనను నాలుకవలె చెక్కి, వేరొక దుంగ బెజ్జములో దూర్చి, కొయ్యచీలతో బిగింతురు. చట్రపు సందులలో తడికె లల్లి మట్టి మెత్తుదురు. మన పల్లెల తడికెగోడ లెరిగినవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు. ఓక్ కొయ్యను పచ్చిగా నున్నప్పుడే పనిచేయుదురు. అది ఆరినకొలది అతుకులు బిగియును. కొయ్య మాత్రము కొంత మెలి తిరుగును.

ఒరుగుటకు వేరొక కారణమును కలదు. పై అంతస్తున సుమారు 68 అడుగుల పొడవు గల నడవ నొకదానిని నిర్మించిరి. దానిపై పరచిన బరువైన రాతిపలకల భారము క్రింది చట్రమును క్రుంగదీసినది. ఆ నడవ గోడపైననే చక్రము ధరించిన భాగ్యదేవత బొమ్మ యున్నది. ఆ చక్రము మోర్టన్ వంశము పట్లను తిరిగినది. అంతర్యుద్ధమున వారు రాజపక్షము వహింపగా, 1643లో పార్లమెంటు ఇంటిని స్వాధీనపరచుకొన్నది. పిమ్మట ఇల్లు తిరిగి చేజిక్కినను అప్పులు మిగిలినవి. తుదకు ఇంటిని రైతులకు అద్దెకిచ్చిరి. క్రొత్త వేషము తొడుగుటకు ధనము లేకపోవుటయే దాని పూర్వరూపమును కాపాడినదనవచ్చును.

1938లో ఈ భవనము నేషనల్ ట్రస్టు రక్షణలోనికి వచ్చినది. మరమ్మతు చేసినవారు చట్రమును ఉక్కుతో బలపరచిరి; వంపును మాత్రము సరిచేయలేదు. ఆ వంపు కూడ ఇంటి చరిత్రయే గదా!

లోపలి ముంగిలి గవాక్షములపై 1559 నాటి లేఖన మొకటి కలదు. అందు యజమాని విలియం మోర్టన్ పేరు సరే, కిటికీలు చేసిన వడ్రంగి రిచర్డ్ డేల్ పేరు కూడ చెక్కబడియున్నది. లోకమున ఎన్నియో మహాసౌధములకు కట్టించినవారి పేరే మిగులును; కట్టినవారి పేరు మిగులదు. ఈ వంకర ఇంట ఆ లెక్క మాత్రము సరిగా నున్నది.