గంజ్‌లో మర గుమాస్తా!

రాత్రి తొమ్మిదిన్నర. నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఆస్పత్రుల బోర్డులు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. పళ్ల డాక్టరుగారి క్లినిక్‌కూ తాళం పడింది. రిసెప్షన్లో కూర్చునే అమ్మాయి ఇంటికెళ్లి గంట దాటింది. సరిగ్గా అప్పుడొచ్చింది వాట్సప్‌లో ఓ మెసేజ్.

‘పన్ను బాగ గుంజుతుంది. రేపు పొద్దుగాల సారు ఉంటరా?’

అరనిమిషంలో జవాబు... ‘ఉంటారండీ. పదిన్నరకు ఖాళీ ఉంది. రాసుకోమంటారా?’

‘రాస్కో.’

అంతే. తెల్లారి డాక్టరుగారు వచ్చి కూర్చునేసరికి వరసలో ఆ పేరుంది. ఇంతకీ రాత్రి జవాబిచ్చిందెవరు? మనిషి కాదు... మర గుమాస్తా!

ఇది ఊహించి చెప్పిన ముచ్చటే. కానీ ఇందులో ఇవాళ సాధ్యం కానిది ఒక్కటీ లేదు. చిన్న చిన్న దుకాణాలకూ క్లినిక్‌లకూ ట్యూషన్ సెంటర్లకూ ఇలాంటి ఏర్పాటు చేసిపెట్టి, అది చెడిపోకుండా చూసుకుంటూ, నెలనెలా ఇంత అని తీసుకోవడం ఇప్పుడో కొత్త బతుకుదెరువు. దానికి పెద్ద పేరే ఉంది... ఏఐ ఆటోమేషన్ ఏజెన్సీ. పేరు చూసి అద్దాల మేడ ఊహించుకోకండి. ఇద్దరు మనుషులు, రెండు ల్యాప్‌టాప్‌లు, నిలకడైన ఇంటర్నెట్... మొదలుపెట్టడానికి అంతకుమించి అక్కర్లేదు.

లోపల ఏముంది?

మూడు సరుకుల్ని అతికిస్తే ఈ గుమాస్తా తయారవుతాడు. ఒకటి వాట్సప్. మనం రోజూ వాడేది కాదు, వ్యాపార సంస్థల కోసం ప్రోగ్రాములు తగిలించుకునే వీలున్నది. రెండోది భాషా నమూనా. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక లోకమంతా మోగిపోయిన సరుకు ఇదే. మూడోది ఈ రెంటినీ దుకాణం చిట్టాతో కలిపే దారం. గిరాకీ పంపిన మాట ఇటు వస్తే అర్థం చేసుకుని, అటు పట్టికలో ఖాళీ చూసి, జవాబు పంపాలి. ఎన్‌8ఎన్, జాపియర్, మేక్ లాంటి సాధనాలుంటే ఈ పనిలో చాలాభాగం కోడ్ రాయకుండానే అయిపోతుంది. కంప్యూటర్ డిగ్రీ ఉంటే మంచిదే. లేకపోయినా ఓపిక ఉన్న కుర్రాడు కొన్ని వారాల్లో పట్టుకోగలడు.

మరి అంత సులువైతే అందరూ చేసుకోరూ? అసలు చిక్కు అక్కడే ఉంది!

మన ఊళ్లకు ఇలాంటి కొలువులు కొత్త కాదు. టైపు ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. ఎస్టీడీ బూత్ వచ్చింది. దాని పక్కనే జిరాక్సు, డీటీపీ, ఆ తర్వాత ఇంటర్నెట్ సెంటర్. 2011లో మీసేవ వచ్చాక ఆ గదుల్లో కొన్ని మీసేవ కేంద్రాలయ్యాయి. ప్రతిదీ కొన్నాళ్లు బాగా నడిచింది. సెల్‌ఫోను చేతికి రాగానే ఎస్టీడీ బూతు అద్దాలగది సిగరెట్ల డబ్బా అయిపోయింది. ఏఐ ఏజెన్సీ పెట్టాలనుకునే కుర్రాళ్లు ముందుగా ఆ బూతు నడిపిన ఏ పెద్దాయనతోనో కూర్చుని ఓ చాయ్ తాగడం మంచిది. వాట్సప్ ఎంత విరివిగా ఉన్నా మనకది అద్దెకొంపే. ఇంటాయన నియమం మారిస్తే సామాను సర్దుకోవాల్సిందే. 2025 జులై నుంచి వ్యాపార సందేశాల చార్జీ లెక్కనే మార్చేశారు. ‘ఏ ప్రశ్నకైనా జవాబు చెబుతా’ననే తరహా బాట్‌లను 2026 జనవరి 15 నుంచి ఆ వేదిక మీద ఉండనివ్వమన్నారు. క్లినిక్ తన రోగులకు, దుకాణం తన గిరాకీకి జవాబిచ్చే బాట్‌లకు మాత్రం అడ్డు లేదు.

‘నెలనెలా ఎందుకియ్యాలె?’

పనికంటే కష్టమైంది బేరం. అదెలా సాగుతుందో ఊహించడం పెద్ద పనేం కాదు.

‘తమ్మీ, టీవీ కొన్నంక షాపోనికి నెలనెలా పైసలిస్తమా?’

‘కేబులోనికి ఇస్తలేరా అన్నా?’

ఇక్కడ గెలిస్తేనే ఏజెన్సీ బతికేది. ఎందుకంటే ఖర్చు నెలనెలా ఉంటుంది. భాషా నమూనా మాటల్ని ముక్కలుగా చేసి, ముక్కకింత అని బిల్లు వేస్తుంది. అదే సంగతి ఇంగ్లిషులో చెబితే తక్కువ ముక్కలు, తెలుగులో చెబితే ఎక్కువ ముక్కలు. అంటే మన భాషకు ఖరీదెక్కువ! గిరాకీ తనంతట తాను పలకరిస్తే 24 గంటల్లోపు స్వేచ్ఛగా జవాబివ్వొచ్చు. ఆ గడువు దాటాక దుకాణమే పలకరించాలంటే ముందే ఆమోదం పొందిన వాక్యాలే పంపాలి, వాటికి చార్జీ.

ఉదాహరణకు ఓ లెక్క వేద్దాం. నెలకు రెండున్నర వేల చొప్పున పన్నెండు దుకాణాలు దొరికాయనుకోండి. ముప్ఫై వేలు. సర్వరు అద్దె, నమూనా బిల్లు, మెసేజ్‌లు, ఆర్మూరుకూ బోధన్‌కూ తిరిగే పెట్రోలు కలిపి ఎనిమిది వేలనుకుంటే మిగిలేది ఇరవై రెండు. ఇద్దరికీ చెరి పదకొండు. హైదరాబాద్‌లో హాస్టల్ ఫీజు కట్టుకుంటూ చేసే చిన్న ఉద్యోగంతో పోల్చుకునేవాళ్లుంటారు, దుబాయ్ వీసాతో పోల్చుకునేవాళ్లూ ఉంటారు. పన్నెండు ముప్ఫై అయితేనే కథ మారేది. కానీ ముప్ఫై దుకాణాల గుమాస్తాలు ఒకే ఆదివారం మొరాయిస్తే ఫోనెత్తేది ఆ ఇద్దరే!

‘కల్’ అంటే ఎప్పుడు?

నిజామాబాద్ గిరాకీ రాసే భాష ఏ పుస్తకంలోనూ దొరకదు. తెలుగు మాటల్ని ఇంగ్లిషు అక్షరాల్లో కొడతారు. మధ్యలో ఉర్దూ కలుస్తుంది. బోధన్ దాటి సాలూర వైపు వెళ్తే మరాఠీ తోడవుతుంది. ‘మాపటికి వస్త’ అన్నారంటే సాయంత్రమని గుర్తుపట్టాలి. ‘కల్ ఆతా’ అంటే రేపు. ‘కల్ ఆయా థా’ అంటే నిన్న. ఒకే ‘కల్’! తేడా వచ్చిందంటే రోగి ఒకరోజు, డాక్టరు ఒకరోజు. టైపు చేయడం రానివాళ్లు మాట రికార్డు చేసి పంపుతారు. వెనకాల బస్సు హారను, పిల్లాడి ఏడుపు... అవన్నీ తోసేసి మాటను ఏరుకోవాలి.

భారతీయ భాషల కోసం కేంద్రం 2022లో భాషిణి మొదలుపెట్టింది. మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ బృందం చాలాకాలంగా ఇదే పనిలో ఉంది. అవి వచ్చాక దారి సులువైంది. అయినా నిజామాబాద్ యాస, గంజ్ మాట ఎక్కడో ఉన్న కంపెనీ నేర్పదు. ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాడే కూర్చుని, తప్పు జవాబుల్ని ఒక్కొక్కటీ చూసి దిద్దాలి. నన్నడిగితే ఏజెన్సీ అమ్మే అసలు సరుకు ఇదే. కృత్రిమ మేధ అందరికీ అద్దెకు దొరుకుతుంది. ఊరు తెలిసినవాడే దొరకడు.

పసుపు ధర చెప్పమంటే...

నిజామాబాద్ అంటే పసుపు. 2016 ఏప్రిల్‌లో ఈ-నామ్ మొదలైనప్పుడు తొలి విడత మార్కెట్లలో ఇదొకటి. 2025 జనవరిలో వచ్చిన జాతీయ పసుపు బోర్డు కేంద్రమూ ఇక్కడే. కొత్తగా ఏజెన్సీ పెట్టినవాడి కన్ను గంజ్ మీద పడకుండా ఉంటుందా? ‘ఇయ్యాల కొమ్ము ధరెంత?’ అని రైతు అడగ్గానే చెప్పేస్తే ఎంత బాగుండు!

ఇక్కడే ఆగాలి. భాషా నమూనాకు ఓ దుర్గుణం ఉంది. తెలియదని చెప్పడానికి మొహమాటం. లేని ధరను ఉన్నట్టే, అదీ ఎంతో మర్యాదగా చెప్పేస్తుంది. దాన్ని నమ్మి రైతు బస్తాలు ట్రాక్టరుకెత్తితే? అందుకే ధర, మందు మోతాదు, గడువు తేదీ లాంటివి యంత్రం నోటికి వదలకూడదు. పట్టికలో ఉన్నది ఉన్నట్టు చదవాలి, లేకపోతే ‘అడ్తిసేఠ్‌ను అడిగి చెబుతా’ననాలి. కెనడాలో ఓ విమానసంస్థ చాట్‌బాట్ ప్రయాణికుడికి టికెట్ తగ్గింపు గురించి తప్పు చెప్పింది. బాట్ చెప్పినదానికి మా పూచీ లేదంది సంస్థ. 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రైబ్యునల్ ఒప్పుకోలేదు. పరిహారం కట్టమంది. మర గుమాస్తా మాట్లాడినా అది సేఠ్ మాటే మరి!

క్లినిక్ సంగతైతే ఇంకా సున్నితం. ఎవరికే జబ్బో ఆ మెసేజ్‌ల్లో ఉంటుంది. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం, 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. ‘అంతా నా ల్యాప్‌టాప్‌లోనే ఉంది సార్’ అనే కుర్రాణ్ని చూసి సంబరపడకూడదు, భయపడాలి.

శక్కర్‌నగర్ దాకా...

బోధన్‌కు యంత్రం కొత్త కాదు. 1937లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారం ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరు. దానికోసమే శక్కర్‌నగర్ వెలిసింది. 2002లో ప్రైవేటు భాగస్వామి చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. చుట్టూ చెరకు తోటలు వరిమళ్లయ్యాయి.

ఆలోచిస్తే, మర గుమాస్తాకు చక్కెర మిల్లు కంటే తగిన చోటు లేదు. చెరకు నరికాక ఆలస్యమైనకొద్దీ బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. అందుకే కోతకు పర్మిట్ ఎప్పుడొస్తుందన్నదే రైతు బెంగ. తూకం ఎంతొచ్చింది, బిల్లు ఎప్పుడు పడుతుంది అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం 14 రోజుల్లో డబ్బు కట్టాలి. వేలమంది రైతులు అడిగే ఆ మూడు ప్రశ్నలకే జవాబు చెబుతూ కూర్చునే పని యంత్రానికి అప్పగించొచ్చు. మహారాష్ట్ర బారామతిలో చెరకు పొలాలకు ఏఐ సాయం గురించి మన తెలుగువాడు సత్య నాదెళ్లే 2025 జనవరిలో లోకానికి చెప్పాడు. ఇక్కడేమో ఏజెన్సీకి అన్నింటికన్నా పెద్ద గిరాకీ కావలసిన గేటుకు తాళముంది. 2023 ఆగస్టులో నిజామాబాద్‌లో తెరిచిన ఐటీ హబ్ ఆ తాళం తీయలేదు.

ఉద్యోగాలు పోయిన ఊళ్లో ఇంకో మాటా వినిపిస్తుంది... ‘ఈ మర వస్తే రిసెప్షన్ పిల్ల సంగతేంది?’ ప్రశ్నలో న్యాయముంది. రాత్రి మెసేజ్‌లకు జవాబివ్వడం ఎవరి ఉద్యోగమూ కాదు కాబట్టి మొదట ఎవరికీ నష్టముండదు. తర్వాత యజమాని లెక్క వేసుకోవచ్చు. ఇద్దరున్నచోట ఒకరు చాలనుకోవచ్చు. ఏజెన్సీవాళ్లు ఇది దాచి మాట్లాడితే నాకు నచ్చదు. అదే అమ్మాయికి పట్టిక చూసుకోవడం, తప్పులు దిద్దడం నేర్పితే ఆమే ఆ మర గుమాస్తాకు పెద్ద గుమాస్తా అవుతుంది. ఏ రోగి ఏ యాసలో ఏమంటాడో అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

మీ దుకాణానికి ఎవరైనా ఇలాంటి సరుకు అమ్మవస్తే రెండు సంగతులు మాత్రం రాసుకోండి. వాట్సప్ నంబరు, ఖాతా మీ పేరునే ఉండాలి, ఏజెన్సీ పేరున కాదు. రేపు వాళ్లు హైదరాబాద్ బస్సెక్కినా గిరాకీ మీ దగ్గరే ఉంటుంది. ఇక రెండోది... యంత్రానికి అర్థం కానప్పుడు ఫోను ఎవరికి మోగుతుందో ముందే అడగండి. ఆ నంబరుకు రాత్రి తొమ్మిదిన్నరకు ఓసారి చేసి చూడండి.