యునిక్స్ తరహా వ్యవస్థలలో హార్డ్ డిస్కు విభజన

ఒకే హార్డ్ డిస్కును కంప్యూటరు వేర్వేరు డిస్కులుగా గుర్తించే విధంగా భాగాలు చేయడాన్ని డిస్కు విభజన అంటారు. అట్లా ఏర్పడిన ఒక్కొక్క భాగం పార్టిషన్. గ్నూ/లినక్స్, ఫ్రీబీఎస్‌డీ వంటి యునిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టములను స్థాపించేటప్పుడు తొలుత తీసుకోవలసిన నిర్ణయాలలో ఇది ముఖ్యమైనది. స్థాపన ముగిసిన తరువాత దీనిని మార్చడం కష్టం. పొరపాటు జరిగితే డిస్కులోని సమాచారం నశించే ప్రమాదం ఉంది.

విండోస్‌లో ప్రతి పార్టిషనుకు సి, డి వంటి అక్షరం ఉంటుంది. యునిక్స్‌లో అన్ని ఫైళ్ళూ ఒకే చెట్టుకు చెందుతాయి. దాని మొదలును "/" గుర్తుతో సూచించి రూట్ అంటారు. ఇతర పార్టిషన్లను ఆ చెట్టులోని ఏదో ఒక డైరెక్టరీ వద్ద కలుపుతారు. ఇట్లా కలపడమే మౌంట్ చేయడం.

పాత పుస్తకాలలోని సూచనలు

హైదరాబాదులో నాంపల్లి రైల్వే స్టేషనుకు సమీపాన ఉన్న అబిడ్స్‌లో ఆదివారాలు కాలిబాటలపై పాత పుస్తకాల అమ్మకం సాగుతుంది. విద్యార్థులకు కంప్యూటరు పుస్తకాలు కూడా అక్కడ చౌకగా దొరుకుతాయి. యునిక్స్ ఆదేశాలు, ఫైళ్ళ అనుమతుల గురించి ఇరవై ఏళ్ళ నాటి పుస్తకంలో ఉన్నది నేటికీ చాలావరకు చెల్లుతుంది. విభజనను గూర్చిన అధ్యాయం మాత్రం అట్లా కాదు. అందలి సూచనలు ఆనాటి యంత్రాల పరిమితుల నుండి పుట్టినవి. కనుక ప్రతి సూచనకు కారణమేమిటో, ఆ కారణం ఇప్పటికీ ఉన్నదో లేదో తెలుసుకొని పాటించాలి.

1024 సిలిండర్ల నియమం: "/బూట్" పార్టిషన్ డిస్కు మొదటి 1024 సిలిండర్లలోనే ఉండాలని పాత పుస్తకాలు చెబుతాయి. నాటి బయాస్ సిలిండరు సంఖ్యకు 10 బిట్లు మాత్రమే కేటాయించడం ఇందుకు కారణం. నేటి కంప్యూటర్లకు ఈ పరిమితి లేదు. రూట్ పార్టిషనును సంకేతభద్రం చేసేవారికి ప్రత్యేక "/బూట్" ఇప్పటికీ ఉపయోగపడుతుంది.

నాలుగు పార్టిషన్ల పరిమితి: 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చిన ఎంబీఆర్ పట్టికలో నాలుగు ప్రాథమిక పార్టిషన్లకే చోటుంది. 512 బైట్ల సెక్టార్లు గల డిస్కులో అది సుమారు 2.2 టీబీ వరకే చేరగలదు. దాని స్థానంలో వచ్చిన జీపీటీ పట్టిక సాధారణంగా 128 పార్టిషన్లకు చోటిస్తుంది. పట్టిక యొక్క రెండవ ప్రతిని డిస్కు చివర భద్రపరుస్తుంది.

స్వాప్ ర్యామ్‌కు రెట్టింపు: ర్యామ్ కొద్ది మెగాబైట్లే ఉన్న రోజులలో ఈ లెక్క సబబుగా ఉండేది. 16 జీబీ ర్యామ్ ఉన్నచోట 32 జీబీ స్వాప్ సాధారణంగా అనవసరం. కంప్యూటరును హైబర్నేట్ చేసేవారు మాత్రం ర్యామ్‌కు సమానమైన స్వాప్ ఉంచుకోవడం మేలు. ఉబుంటు 2017లో వెలువడిన 17.04 నుండి ప్రత్యేక పార్టిషనుకు బదులు స్వాప్ ఫైలును వాడసాగింది.

ప్రత్యేక "/యూఎస్ఆర్": బెల్ ప్రయోగశాలలో యునిక్స్ తొలినాళ్ళలో డిస్కులు చాలా చిన్నవి. ఒక డిస్కులో పట్టనివి రెండవ డిస్కులో ఉంచవలసి వచ్చేది. నేడు ఆ అవసరం లేదు. ఫెడోరా 17 (2012), డెబియన్ 12 (2023) వ్యవస్థలలో "/బిన్"లోని ఫైళ్ళు "/యూఎస్ఆర్" లోపలికే చేరాయి.

నేటికీ చెల్లే సూచన

"/హోమ్"ను వేరుగా ఉంచమన్న సూచన విలువ తగ్గలేదు. వాడుకరి వ్రాసుకొన్న పత్రాలు, ఛాయాచిత్రాలు, ప్రాజెక్టు నివేదికలు ఉండేది అందులోనే. ఆపరేటింగ్ సిస్టము పాడైతే మరల తెచ్చుకొని స్థాపించవచ్చు, స్వంత వ్రాతలను అట్లా తెచ్చుకొనలేము. "/హోమ్" వేరుగా ఉంటే రూట్ పార్టిషనును మాత్రమే ఫార్మాట్ చేసి కొత్త వ్యవస్థను స్థాపించవచ్చు.

విభజనకు ఒక లోపం ఉంది. ఒక పార్టిషన్ నిండిపోతే, పక్కదానిలో ఖాళీ ఉన్నా అది అక్కరకు రాదు. అందువలన పార్టిషన్ల సంఖ్య ఎంత తక్కువైతే అంత మంచిది. పరిమాణాలను తరువాత మార్చుకోదలచినవారికి ఎల్‌వీఎం అనే పద్ధతి అనుకూలం. అయితే ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమును పెంచవచ్చు గాని మామూలుగా తగ్గించలేము. ఎక్స్‌ట్4ను మౌంట్ చేయని స్థితిలో తగ్గించవచ్చు.

ఒక ఉదాహరణ

8 జీబీ ర్యామ్, 500 జీబీ డిస్కు గల విద్యార్థి కంప్యూటరులో జీపీటీ పట్టికపై ఈ విధంగా విభజించవచ్చు.

* ఈఎఫ్ఐ పార్టిషన్: 512 ఎంబీ, ఫ్యాట్32
* రూట్: 60 జీబీ, ఎక్స్‌ట్4
* స్వాప్: 8 జీబీ
* "/హోమ్": మిగిలిన స్థలమంతా, ఎక్స్‌ట్4

సర్వరులో "/వార్"ను కూడా వేరు చేయడం మంచిది. లాగ్ ఫైళ్ళు అదుపు తప్పి పెరిగినా రూట్ పార్టిషన్ నిండిపోకుండా ఇది కాపాడుతుంది.

జాగ్రత్తలు

* పని ప్రారంభించే ముందు ముఖ్యమైన ఫైళ్ళను వేరొక డిస్కులోకి నకలు చేసుకోవాలి. ప్రత్యేక "/హోమ్" ఈ నకలుకు ప్రత్యామ్నాయం కాదు. డిస్కు చెడిపోతే అన్ని పార్టిషన్లూ ఒకేసారి పోతాయి.
* విండోస్ ఉన్న కంప్యూటరులో ఈఎఫ్ఐ పార్టిషన్ ముందే ఉంటుంది. దానిని వాడుకోవాలి గాని ఫార్మాట్ చేయరాదు.
* తిరిగి స్థాపించేటప్పుడు పాత "/హోమ్" పార్టిషనును మౌంట్ చేయవలసినదిగా మాత్రమే సూచించాలి. దాని ఎదుట ఫార్మాట్ గుర్తు లేదని నిర్ధారించుకొన్న తరువాతనే ముందుకు సాగాలి.

ఇవి కూడా చూడండి

* గ్నూ/లినక్స్
* ఫైల్ సిస్టమ్
* అబిడ్స్